గాయపడినవాని హక్కు

పూర్వకాలమున బాటసారికి భయము పాములవలన, దొంగలవలన కలుగుచుండెడిది. నేడు ఆ స్థానమును మోటారుబండి ఆక్రమించినది. ఉదయమున కూరల బజారునకు బయలుదేరిన మనిషి మధ్యాహ్నమునకు ఆస్పత్రి మంచముపై కాలికి కట్టుతో పడియుండుట మనము చూచుచునే యున్నాము. చూడవచ్చిన బంధువులు మొదట అడుగు ప్రశ్న "ప్రాణమునకు భయము లేదుగదా" అని. రెండవ ప్రశ్నను ఎవరును పైకి అడుగరు. ఇంటి ఇల్లాలు మాత్రము రాత్రివేళ మేలుకొని తనలో తాననుకొనును: "ఈ ఖర్చు ఎవరు భరింతురు? వచ్చే నెల జీతము ఎక్కడినుండి వచ్చును?"

ఈ రెండవ ప్రశ్నకు చట్టము ఇచ్చు సమాధానము ఒక్కనాటిలో పుట్టినది కాదు. దాని వెనుక రెండువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసిననే నేటి హక్కు విలువ మనకు బోధపడును. కావున ముందు చరిత్రను, పిమ్మట నేడు బాధితుడు అనుసరింపవలసిన మార్గమును ముచ్చటించుకొందము.

మన మోటారు చట్టములకు మూలము ఆంగ్లేయుల న్యాయములో నున్నది. వారి దేశమున ఒక వింత ఆచారము శతాబ్దముల తరబడి సాగినది. బండిగాని, గుఱ్ఱముగాని మనిషి చావునకు కారణమైనచో ఆ వస్తువునే దోషిగా నెంచి, దానినో, దాని వెలనో రాజు పేర జప్తు చేయుచుండిరి. చనిపోయినవాని కుటుంబమునకు ఆ సొమ్ముపై హక్కు లేదు.

1808లో ఒక వ్యాజ్యము వచ్చినది. ప్రయాణీకుల గుఱ్ఱపుబండి బోల్తాపడి భార్యాభర్తలు ఇరువురును గాయపడిరి. భార్య సుమారు నెల దినములకు మరణించినది. న్యాయమూర్తి లార్డు ఎలెన్‌బరో, భర్త తన గాయములకును, భార్య బ్రతికియున్నంతవరకు ఆమె తోడు లోపించినందులకును పరిహారము పొందవచ్చునని చెప్పెను. ఆమె కన్నుమూసిన క్షణమునుండి కలిగిన నష్టమునకు మాత్రము దావా చెల్లదనెను. భర్తకు నూరు పౌనులు వచ్చినవి. అనగా మనిషి కాలు విరుగగొట్టినవాడు సొమ్ము చెల్లింపవలెను. ప్రాణమే తీసినవాడు ఆ కుటుంబమునకు చెల్లింప నక్కరలేదు! గాయపరచుటకంటె చంపుటయే చౌకయైన స్థితి అది.

పొగబండి వచ్చిన పిమ్మట ఈ అన్యాయము అందరి కంటను పడినది. 1841 డిసెంబరులో సోనింగు అను చోట రైలు మట్టిపెళ్లలను ఢీకొని కొందరు కూలివాండ్రు మరణింపగా, జూరీవారు ఇంజనుపై వేయి పౌనుల జప్తును విధించిరి. రైలు కంపెనీలు కలవరపడినవి. ప్రజలు సయితము ఆలోచనలో పడిరి. 1846లో ఆ పాత జప్తు ఆచారమును రద్దుచేసిరి. ఆ సంవత్సరమే చనిపోయినవాని కుటుంబము నష్టపరిహారము కోరు హక్కును లార్డు కాంబెల్ ప్రయత్నమున శాసనరూపమున స్థాపించిరి.

ఆ శాసనమును అనుసరించియే మన దేశమున 1855లో 13వ చట్టము వచ్చినది. ఒకని తప్పువలన మరియొకడు మరణించినచో, మృతుని భార్య లేక భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు వారి ప్రయోజనార్థము దావా వేయవచ్చునని అది చెప్పినది. అప్పటికి మన నేలపై మోటారుబండి లేదు. అయినను పిమ్మట చాలకాలము మోటారు ప్రమాదములలో మన కుటుంబములకు దిక్కయినది ఆ చిన్న చట్టమే.

1896లో లండనులో మోటారుబండి తగిలి ఒక స్త్రీ మరణించినప్పుడు విచారణాధికారి, ఇట్టిది మరల జరుగకుండుగాక యని ఆశించెనని చెప్పుదురు. ఆ ఆశ ఎంత ఫలించినదో మనకు తెలియును. మన దేశమున బండ్ల సంఖ్య పెరుగగా 1914లో రిజిస్ట్రేషను, లైసెన్సులకు అఖిలభారత శాసనము వచ్చినది. 1932లో నిజాం రాజ్యమున 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా ఆరంభమైనది. 1939లో సమగ్రమైన మోటారు వాహనముల చట్టము వచ్చినది. బండి యజమాని ఇతరులకు కలుగు హానికై తప్పక బీమా చేయవలెనను నియమము అందే కలదు గాని, ఆ భాగము అమలులోనికి వచ్చుట 1946 జూలై 1వ తేదీన.

బీమా మాట ముఖ్యమైనది. తీర్పు గెలుచుట ఒకటి, సొమ్ము చేతికందుట మరియొకటి. లారీ యజమాని ఇల్లు వాకిలి తాకట్టులో నున్నచో డిక్రీ కాగితమును గోడకు తగిలించుకొనుటకంటె గాయపడినవాడు చేయగలిగినది లేదు. బీమా వచ్చిన పిమ్మట డిక్రీ వెనుక ఒక ఖజానా నిలిచినది.

అయినను కాలయాపనకు మందు దొరకలేదు. ఇందులకు ఒక వ్యాజ్యమే సాక్షి. 1947లో నాటి మద్రాసు రాజధానిలో ధారాపురము, పళని మధ్య నడచు బస్సు ఒకటి మలుపువద్ద దారితప్పి, కుడివైపునగల రాతిని తాకి, పిమ్మట చింతచెట్టును ఢీకొన్నది. గాయపడిన ప్రయాణీకుడొకడు కొలది దినములకే మరణించెను. ఆయన తండ్రి, భార్య, బిడ్డలు దావా వేసిరి. బండిలో బోల్టు తెగినదే గాని మా తప్పు లేదని యజమానులు వాదించిరి. క్రింది కోర్టునుండి హైకోర్టునకు, అక్కడినుండి సుప్రీంకోర్టునకు నడచి, 1961లో తుది తీర్పు వెలువడినది. ఆ తీర్పును వ్రాసినవారు మన రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా నుండిన కోకా సుబ్బారావుగారు. కుటుంబము పోగొట్టుకొన్న ఆధారము వేరు, మృతుని ఆస్తికి కలిగిన నష్టము వేరు అనియు, ఈ రెంటిని కలిపి ఒకే నష్టమునకు రెండుమార్లు సొమ్ము ఇప్పింపరాదనియు ఆయన వివరించిరి. నేటికిని ఆ తీర్పును ఉదాహరింతురు. కాని మనము మరువరానిది ఒకటి కలదు: ఆ కుటుంబము గెలిచినది, గెలుచుటకు పదునాలుగేండ్లు పట్టినది. తండ్రి పోయినప్పుడు చంటిబిడ్డ యైనవాడు తీర్పునాటికి మీసాలు మొలిచినవాడు.

ఈ లోపముననే దృష్టి నిలిపి 1956లో పార్లమెంటు చట్టమును సవరించి, మోటారు ప్రమాదములకు ప్రత్యేక ట్రిబ్యునళ్లకు దారితీసినది. సివిలు కోర్టులో కోరిన మొత్తమును బట్టి స్టాంపు రుసుము కట్టవలసి యుండగా, ట్రిబ్యునలులో అర్జీయే చాలును. విచారణయు సంగ్రహముగా సాగును. అర్జీ గడువు మాత్రము మొదట అరువది దినములే. విరిగిన ఎముక అతుకుకొనకమునుపే గడువు తీరిపోవుచుండెడిది! పిమ్మట దానిని ఆరు నెలలు చేసిరి.

ఇంకను ఒక ముడి మిగిలినది. డ్రైవరు తప్పును రుజువు చేయవలెను. రాత్రివేళ రోడ్డుపై స్పృహతప్పి పడినవాడు సాక్షులను ఎక్కడ తెచ్చును? అయినను తప్పు రుజువు కానిదే పరిహారము లేదని 1977లో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యమున నిర్ణయించినది. అదే దశాబ్దమున జస్టిస్ కృష్ణయ్యరువంటి న్యాయమూర్తులు, తప్పుతో నిమిత్తము లేని పరిహారము కావలెనని తీర్పులలోనే శాసనకర్తలకు విన్నవించిరి. 1982లో ఆ విన్నపము కొంత ఫలించినది. మృతికి 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు తప్పు రుజువుతో పనిలేకుండ ఇచ్చు నియమము వచ్చినది. గుద్ది పారిపోయిన బండి ఆచూకి తెలియనప్పుడు ఇచ్చు చిన్న మొత్తమును గూడ ఆ సవరణయే ఏర్పరచినది. 1988లో పాత చట్టము స్థానమున క్రొత్త చట్టము వచ్చినది. దానిని 1994లోను, 2019లోను సవరించిరి. ఈ కడపటి సవరణలో పరిహారమునకు సంబంధించిన భాగము 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఇక నేటి మార్గమును చూతము.

మొదటిది చికిత్స. 1989లో సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు నిచ్చినది. కారు తగిలి గాయపడిన స్కూటరు ప్రయాణీకుని ఒక ఆస్పత్రివారు, ఇది పోలీసు కేసు యని చేర్చుకొనక వేరొక చోటికి పంపగా, అతడు దారిలోనే మరణించెనను వార్త ఆ వ్యాజ్యమునకు మూలము. ముందు ప్రాణరక్షణ, పిమ్మట పోలీసు తతంగము అని కోర్టు శాసించినది. గాయపడినవానిని ఆస్పత్రికి చేర్చిన పరోపకారిని వేధింపరాదని నేడు చట్టమే చెప్పుచున్నది. 2025 మేలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, గుర్తింపుగల ఆస్పత్రులలో ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, బాధితుడు రొక్కము కట్టనక్కరలేని చికిత్స కలదు.

రెండవది కాగితములు. పోలీసు ఫిర్యాదు నకలు, గాయముల ధ్రువపత్రము, మందుల రశీదులు, జీతపు పత్రము, బండి నంబరు, బీమా వివరములు – వీనిని మొదటి దినమునుండియే ఒక సంచిలో భద్రపరచవలెను. పది రూపాయల మందుచీటిని గూడ పారవేయరాదు. దర్యాప్తు అధికారి 48 గంటలలో మొదటి నివేదికను ట్రిబ్యునలునకు పంపవలెనని 2022నాటి నియమములు చెప్పుచున్నవి. అది జరిగినదో లేదో విచారించుకొనుట మన పని.

మూడవది గడువు. 1994లో అర్జీకి కాలపరిమితిని పూర్తిగా తొలగించిరి. 2022లో ఆరు నెలల పరిమితి తిరిగివచ్చినది. దీని చెల్లుబాటును ప్రశ్నించుచు సుప్రీంకోర్టు వరకు వెళ్లినవారు కలరు. వివేకముగలవాడు ఆ వాదముల ఫలితమునకై ఎదురుచూడక ఆరు నెలలలోపలనే అర్జీ పెట్టుకొనును. ప్రమాదము జరిగిన చోటనేగాక, తాను నివసించు చోటి ట్రిబ్యునలులోను పెట్టుకొనవచ్చును. విజయవాడవద్ద గాయపడిన శ్రీకాకుళమువాడు వాయిదా వాయిదాకు విజయవాడకు పోనక్కరలేదు.

నాలుగవది మొత్తము. తప్పుతో నిమిత్తము లేకుండ నేడు మృతికి 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు కోరవచ్చును. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఆ మొత్తమును ఒప్పుకొని తీసికొన్నచో, తప్పు రుజువుచేసి పెద్ద మొత్తము కోరు అర్జీ అంతటితో ముగియును. తొందరలో సంతకము చేయరాదు. గుద్దిన బండి ఆచూకి తెలియనప్పుడు మృతికి 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు నియమింపబడినవి. దానికై తహసీలుదారువంటి రెవిన్యూ అధికారికి దరఖాస్తు చేయవలెను.

పెద్ద మొత్తమును ఎట్లు లెక్కింతురు? 2010లో సుప్రీంకోర్టు దీనిని విశదముగా చెప్పినది. వైద్యము, ప్రయాణము, పుష్టికరమైన ఆహారము, పోయిన జీతము, ముందు పోబోవు సంపాదన, మున్ముందు కావలసిన చికిత్స – ఇవి లెక్కకు అందునవి. పడిన బాధ, జీవితములో కోల్పోయిన సుఖము – ఇవి లెక్కకు అందనివి. అయినను వీనికిని పరిహారము కలదు. అన్నిటికంటె ముఖ్యమైన సూత్రము వేరొకటి. ఎడమచేయి పోయిన డ్రైవరుకును, వడ్రంగికిని జీవనమే పోయినట్లు. అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగములో కొనసాగవచ్చును. డాక్టరు పత్రములోని శాతము అవయవమునకు సంబంధించినది. కోర్టు చూడవలసినది ఆ మనిషి సంపాదనశక్తిని. కావున మన వృత్తి యెట్టిదో, ఆ అవయవముతో దానికెంత అవసరమో సాక్ష్యముతో చూపవలెను. వైద్యుని సాక్ష్యము ఇందులకు ఆయువుపట్టు.

కడపటిది న్యాయవాది. ఆస్పత్రి వరండాలోనే సంతకముకై కాగితము చాపు మధ్యవర్తులు కొందరుందురు. వచ్చిన సొమ్ములో ఇంత భాగము నాది యని ఒడంబడిక చేసికొనుట న్యాయవాదికి నిషిద్ధము. 1954లోనే సుప్రీంకోర్టు ఇట్టి ఒడంబడికను తప్పుపట్టినది. బార్ కౌన్సిలు నియమములును అదే చెప్పుచున్నవి. ఫీజును ముందే మాటలాడుకొని రశీదు పొందవచ్చును. ఫీజు ఇచ్చుకొనలేనివారికి 1987నాటి న్యాయసేవల చట్టము ఉచిత న్యాయవాదిని కల్పించుచున్నది. స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఈ హక్కు కలదు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోను ఈ సంస్థ కార్యాలయ ముండును. 15100 నంబరునకు ఫోను చేసినను దారి చూపుదురు. లోక్ అదాలతులో రాజీపడుట త్వరితమైన మార్గమే. కాని అక్కడి తీర్పుపై అప్పీలు లేదు. ఇంకను శస్త్రచికిత్స మిగిలియున్నవాడు దాని ఖర్చును లెక్కలో చేర్చకుండ రాజీపడినచో పిమ్మట విచారించి ఫలము లేదు.

రాజు బండిచక్రమును జప్తుచేసి తృప్తిపడిన కాలమునుండి, విరిగిన చేయి ఏ పనికి పనికివచ్చునదో విచారించు కాలమువరకు న్యాయము నడచినది. ఆ నడక తిన్ననిది కాదు, వేగవంతమైనది అంతకన్న కాదు. ఒక్కొక్క మెట్టు వెనుక ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కిన ఒక్కొక్క కుటుంబ మున్నది. వారు గెలిచి యిచ్చిన హక్కును మనము గడువు మరచియో, రశీదు పారవేసియో పోగొట్టుకొనరాదు. రాత్రివేళ మేలుకొన్న ఆ ఇల్లాలి ప్రశ్నకు సమాధానము చట్టములో నున్నది; దానిని అడిగి తీసికొనవలసినవారము మనమే.