పోడు దరఖాస్తులో ఆ తేదీ ఎక్కడిది?



పోడు పట్టాకు దరఖాస్తు పెట్టినోళ్లకు 13 డిసెంబర్ 2005 అనే తేదీ ఎరుకే. ఆ రోజుకు భూమి మన సాగులో ఉండాలంటరు. "ఈ తేదీ ఎవరు పెట్టిన్రు రా?" అని మా నాయిన అడిగిండు. డిగ్రీ చదువుతున్న నేను చెప్పలేకపోయిన. తర్వాత హాస్టల్ల కూసొని చదివిన.

2002 మే 3న కేంద్ర అటవీ శాఖ అడవిలోని ఆక్రమణలు తీసేయాలని రాష్ట్రాలకు ఉత్తర్వు పంపింది. చాలా రాష్ట్రాల్లో ఆదివాసీల గుడిసెలు కూల్చిన్రు, పంటలు పాడు చేసిన్రు. సంఘాలు ఒక్కటై ఢిల్లీ దాకా పోయినయ్. 2004లో వచ్చిన ప్రభుత్వం వామపక్షాల మద్దతుతో నడిచేది, వాళ్ల ఒత్తిడి కూడా పనిచేసింది. 2005 డిసెంబర్ 13న లోక్‌సభలో బిల్లు పెట్టిన్రు.

కానీ ఆ బిల్లులో ఉన్న తేదీ 25 అక్టోబర్ 1980. భూమి పరిమితి రెండున్నర హెక్టార్లు. అడవి, పులులు ఆగమైతయని వన్యప్రాణి సంరక్షకులు వద్దన్నరు. ఇది చాలదని సంఘాలు అన్నయ్. అప్పుడు బిల్లును రెండు సభల ఎంపీల సంయుక్త కమిటీకి పంపిన్రు. దాని అధ్యక్షుడు పార్వతీపురం ఎస్టీ సీటు నుంచి గెలిచిన మన తెలుగు ఎంపీ కిశోర్ చంద్ర దేవ్.

బిల్లు పెట్టిన రోజునే గడువు తేదీ చేయాలని కమిటీ చెప్పింది. భూమికి పరిమితి వద్దంది, చివరి మాట గ్రామసభదే కావాలంది. ప్రభుత్వం తేదీ ఒప్పుకుంది. పరిమితి మాత్రం నాలుగు హెక్టార్లు, అంటే సుమారు పదెకరాలు పెట్టింది. చివరి నిర్ణయం జిల్లా కమిటీకి ఇచ్చింది. 2006 డిసెంబర్‌ల రెండు సభలు పాసు చేసినయ్, 29న రాష్ట్రపతి సంతకమైంది.

మా నాయిన 1990ల తర్వాత చెలక కొట్టిండు. పాత తేదీ నిలిచుంటే మాకు అడిగే హక్కే లేకుండె. అంటే ఆ తేదీని సభల కూసున్నోళ్లే కాదు, ఢిల్లీ రోడ్ల మీద కూసున్నోళ్లు కూడా మార్చిన్రు.

ఇంకో మాట. గ్రామసభ రాతపూర్వక సమ్మతి లేకుండా పులుల అడవుల నుంచి మనల్ని తరలించొద్దని కూడా ఆ చట్టంలో ఉంది. అమ్రాబాద్ పెంటల్లో ఉన్న మనోళ్లకు ఇది చెప్పండ్రి. గ్రామసభ పెడితే తప్పక పోండ్రి. తీర్మానం చదివి వినిపించనిదే ఎవ్వరినీ వేలిముద్ర వేయనియ్యకుండ్రి.