తాళ్లపాక రాగిరేకులు – కర్తృనామ విచారము

అక్షరములతోఁ బద్మమును, జక్రమును, నాగమును జిత్రించు బంధకవిత్వమును మన యాలంకారికు లధమకావ్యముగాఁ బరిగణించిరి. రసదృష్టి నది యుక్తమే కావచ్చును. చరిత్రదృష్టికి మాత్ర మందొక గుణము గోచరించుచున్నది. మాఘకవి శిశుపాలవధమున పందొమ్మిదవ సర్గాంతమందుఁ జక్రబంధమును రచించి, దాని వలయములలోఁ దన పేరును గావ్యము పేరును జదువవచ్చునట్లు కూర్చెను. లేఖకుఁడు సర్గాంతగద్యను విడిచిపెట్టవచ్చును గాని పద్యమును జెఱుపక యా పేరును దొలఁగింపఁజాలఁడు. తిరుమలేశునిపైఁ బ్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసమును రచించిన గణపవరపు వేంకటకవి, తెనుఁగున నిట్టి చిత్రరచనయందు సిద్ధహస్తుఁడు.

పదకవిత్వమున కీ కట్టుదిట్టము లేదు. పదము నోటినుండి నోటికిఁ బోవును. ముద్రయే దాని గుఱుతు. త్యాగరాజస్వామి తన పేరునే ముద్రగా నుంచెను. తరిగొండ వేంగమాంబ శతకమకుటమున నృసింహుని పేరితోఁ దన యూరిపేరును జేర్చెను గాన నచట సందేహమునకుఁ దావు తక్కువ. తాళ్లపాకవారి త్రోవ వేఱు. అన్నమాచార్యులు (1408–1503), కుమారుఁడు పెద తిరుమలాచార్యులు, మనుమఁడు చిన తిరుమలాచార్యులు మువ్వురును వేంకటేశ్వర ముద్రతోనే పాడిరి. భాషయు భావమును మిక్కిలి సన్నిహితములు. ముద్రనుబట్టి కర్తను నిర్ణయించుట యసాధ్యము.

అట్లయ్యును నేఁడు మనము వారి రచనలను వేఱుపఱుపఁగలుగుచున్నాము. తిరుమల సంకీర్తన భాండాగారమునఁ గానవచ్చిన రాగిరేకులే యిందులకుఁ గారణము. అన్నమాచార్యుల యధ్యాత్మసంకీర్తనముల మొదటి రేకున నాయన పేరును, శా. శ. 1346 క్రోధి మొదలు 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకును గల కాలమును జెక్కఁబడినవి. ఈ రేకులను జెక్కించినవారిలో ముఖ్యుఁడు పెద తిరుమలాచార్యులు. వ్యయము తనది, ముద్ర యుమ్మడిది. తండ్రి పదములు గొన్నింటిని దన రేకులలోఁ జేర్చుకొన్నను ఆనాఁ డడుగువారెవ్వరు? ఆయన తండ్రి సొత్తును దండ్రి పేరనే యుంచెను.

మనుమఁ డీ విషయమునఁ దండ్రికిఁ దీసిపోలేదు. అన్నమాచార్యులు సంస్కృతమున రచించిన సంకీర్తన లక్షణము నేఁడు లభింపదు. దానిని దెనిఁగించిన చిన తిరుమలాచార్యులు మూలము తాతగారిదనియు, వ్యాఖ్య తండ్రిగారిదనియుఁ జెప్పికొనెను. ఆ మాట లేకున్న నొక లక్షణగ్రంథ ముండెననియే మన మెఱుఁగము. మనుమనినే ప్రథమలాక్షణికుఁడని కొనియాడుచుందుము. పదముల విషయమునను నష్టము చిన్నది కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణమున 1949లో వెలువడిన అన్నమాచార్య చరిత్రమున, చిన్నన్న తాతగారి సంకీర్తనములు 32,000 అని చెప్పెను. లభించినవి యందు సగమైనను లేవు.

అన్యులు తన పదములకు నీడలు వ్రాసికొనుటను గూర్చి యన్నమాచార్యులే యొక సంకీర్తనమున నీసడించుకొనెను. నేఁటి చిక్కు దొంగతనమువలనఁ గలిగినది కాదు, రేకుల కూర్పువలనఁ గలిగినది. ప్రతి పదము మీఁదను రాగము పేరు చెక్కఁబడియున్నది. కర్త పేరు ప్రతి పదమునకును లేదు. ఒక్క పదమును మాత్రమే యెత్తి వ్రాసికొనువానికి రాగము దక్కును, కర్త జాఱిపోవును. దేవస్థానమువారి ముద్రణములందుఁ బదముతోడ రేకు సంఖ్యయుఁ గలదు. గాయకుల పుస్తకములలో నా సంఖ్య సాధారణముగాఁ గానరాదు. పెద తిరుమలాచార్యుల పదములు గొన్ని తండ్రి పేరఁ జెలామణి యగుట కిదియే త్రోవ.