చెవికి అందిన నాట్యం: కూచిపూడి వాచికమూ చూపులేని ప్రేక్షకుడూ

కృష్ణా డెల్టా దిగువన, బందరుకూ గుడివాడకూ దివిసీమకూ నడుమ, మొవ్వ మండలంలో ఉన్న కూచిపూడి నేడు ఒక శాస్త్రీయ నృత్యానికి పేరుగా ప్రపంచమంతటా తెలిసినా, ఆ కళ మొదట భాగవతులు మేళాలు కట్టి ఊరూరా ఆడిన నాటకంగానే ఎదిగింది. చూపులేనివారికి నృత్యాన్ని అందించడం ఎలాగన్న ప్రశ్న ఈ కాలానిదే. అయితే దానికి కావలసిన సరంజామాలో పెద్ద పాలు ఈ నాటకంలో ముందునుంచీ ఉన్నదనీ, ఇరవయ్యో శతాబ్దిలో కళ రూపం మారినప్పుడు అందులో కొంత జారిపోయిందనీ కూచిపూడి చరిత్ర తెలుపుతుంది.

శాస్త్రకారులు అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించారు: శరీర కదలికలతో చేసేది ఆంగికం, మాటా పాటా వాచికం, వేషభూషలు ఆహార్యం, లోపలి భావం ఒంటిపై వ్యక్తమయ్యే తీరు సాత్త్వికం. వీటిలో వాచికాన్ని పాత్రధారి నోటికే అప్పగించడం భాగవతుల ప్రత్యేకత. సమ్మెట గురవరాజు సిద్ధవటం సీమలో ప్రజలను పెట్టిన హింసను భాగవతులు విజయనగర ప్రభువు వీర నరసింహరాయల ఎదుట ఆటలో చూపి బయటపెట్టారని, ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ సేకరింపజేసిన స్థానిక వృత్తాంతాలలో ఒకటైన మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. 16వ శతాబ్ది తొలి ఏళ్ళనాటిదిగా భావించే ఆ ప్రదర్శన ఒక ఫిర్యాదును రాజు చెవిన వేయగలిగిందంటే, ఆ ఆటలో మాటకు ఎంత బరువుండేదో ఊహించవచ్చు.

ప్రదర్శన జరిగే పరిస్థితులు కూడా ఈ బరువును పెంచాయి. రాత్రివేళ కాగడాల వెలుగులో, మైకులు లేని కాలంలో, గుగ్గిలం పొడి చల్లినప్పుడు భగ్గుమనే మంటలో పాత్ర ముఖం క్షణకాలం వెలిగినా, వెనక కూర్చున్న జనానికి కనుబొమల కదలికా వేళ్ళ విన్యాసమూ అందే వీలు తక్కువ గనుక, కథ గొంతు మీదా గజ్జె మీదా నడవవలసి వచ్చింది. కళ్ళున్నా కనబడని ప్రేక్షకుడి కోసం ఏర్పడిన ఈ అమరిక, చూపే లేని ప్రేక్షకుడికి కూడా ఆటలో చోటు కల్పించింది.

సిద్ధేంద్రయోగి కూర్చాడని సంప్రదాయం చెప్పే భామాకలాపంలో సత్యభామ ప్రవేశం ఇందుకు మంచి నిదర్శనం. పట్టిన తెర వెనుక ముందుగా గజ్జెల సవ్వడి వినబడుతుంది. పాత్ర తన్ను తాను పరిచయం చేసుకుంటూ పాడే పాటైన ప్రవేశ దరువుతో ఆమె ఎవరో, ఎంతటి అతిశయం గలదో తెలుస్తుంది. తరువాత సూత్రధారుడే చెలికత్తె మాధవిగా మారి ప్రశ్నలు వేసి ఆమె విరహానికి కారణం రాబడతాడు. ఇంతవరకూ చెవికి లోటు లేదు గాని, భామ గర్వానికి గుర్తుగా తెర మీదుగా వాలే జడ మాత్రం చూపులేనివారికి అందదు.

లయ సంగతి వేరు. ‘తకిట’ మూడు మాత్రలు, ‘తకధిమి’ నాలుగు, ‘తకతకిట’ అయిదు. ఇలా అక్షరాలతో అల్లిన జతులను తాళాలు వాయిస్తూ పలకడమే నట్టువాంగం. జతి తెలిసిన శ్రోత పాదం ఎక్కడ పడుతున్నదో వినికిడితోనే పట్టుకోగలడు. నారాయణతీర్థుల తరంగానికి నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలిచి కదిలేటప్పుడు, పళ్ళెం నేలను రాసే చప్పుడు కూడా తాళంలో కలుస్తుంది. రంగుపొడిపై పాదాలతో సింహం బొమ్మ గీసే సింహనందిని వంటివి మాత్రం పూర్తిగా కంటి సొత్తు.

వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఏకవ్యక్తి నృత్యాన్ని తీర్చిదిద్ది స్త్రీలకు నేర్పడం, 1958లో ఢిల్లీలోనూ 1959లో హైదరాబాదులోనూ జరిగిన సదస్సులలో కూచిపూడి శాస్త్రీయత చర్చకు రావడం, 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించడం, ఇవన్నీ కళను విశాల వేదికపైకి తెచ్చాయి. అదే క్రమంలో పాట నర్తకి నోటినుంచి పక్కనున్న గాయకుల మైకులోకి మారి, సంభాషణ తగ్గి, విద్యుద్దీపాల వెలుగులో ఆంగికం ముందుకు వచ్చింది. స్త్రీలకు ప్రవేశం కల్పించిన మార్పే చూపులేని ప్రేక్షకుడిని ఒక అడుగు వెనక్కి నెట్టింది.

ఇతరచోట్ల ఇదే సమస్యకు రెండు దారులు ఏర్పడ్డాయి. వేదికపై జరిగేదాన్ని మాటల సందుల్లో చెవికి చెప్పే శ్రవణ వర్ణన 1981లో వాషింగ్టన్ నాటకశాలలో మొదలైంది. రెండోది స్పర్శ: బెంగళూరులోని శ్రీ రమణ మహర్షి అంధుల అకాడమీలో విద్యార్థులు గురువు భంగిమను చేతులతో తడిమి భరతనాట్యం నేర్చుకున్నారు, సావోపాలోలో ఫెర్నాండా బియాంకిని 1995 నుంచి అంధులకు బ్యాలే నేర్పుతున్నారు. మన దేశంలో కళల పాఠ్యక్రమాలను వికలాంగులు పాల్గొనేలా తిరిగి రూపొందించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దేశించింది.

పదం సాగుతుండగా వర్ణన వినిపిస్తే సాహిత్యం మునిగిపోతుంది గనుక, కూచిపూడికి పరాయి నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం చాలదు. పాత్రను పిలిచి, ప్రశ్నించి, కథను విప్పే సూత్రధారుడు వర్ణనకు సహజమైన స్థానం. జడ పడిన సంగతీ అతడి ప్రశ్నలోనే ఇమడగలదు. ఆట ముందు తలనగ అయిన రాగిడినీ గజ్జెలనూ తాకనివ్వడం, పతాక, త్రిపతాక వంటి హస్తముద్రలను చేతిలో చేయి ఉంచి నేర్పడం, దరువు పాడడాన్నీ జతి పలకడాన్నీ ప్రతి విద్యార్థికీ తిరిగి తప్పనిసరి చేయడం దానికి తోడైతే, చూపులేనివారికి దారి తెరుచుకోవడమే కాక, భాగవతుల వాచికం కూడా తన పాత స్థానాన్ని తిరిగి పొందుతుంది.