కో-పైలట్ సీట్లో డెబొరా వార్డ్‌లీ

మెల్‌బోర్న్‌లో మా ఇంటికి దగ్గర్లోనే మూరాబిన్ విమానాశ్రయం ఉంది. కొత్తవాళ్లు చిన్న చిన్న విమానాలు నడపడం నేర్చుకునే చోటు. ఆదివారం పొద్దున పిల్లల్ని తీసుకెళ్లి కంచె పక్కన నిలబడతాను. చక్రాలు నేలకు తగిలి, ఓ గెంతు గెంతి, మళ్లీ తగులుతాయి. పక్క సీట్లో ఉన్న గురువు చెయ్యి అదరకుండా ఉండాలి. 1970ల్లో ఇక్కడ ఆ సీట్లో డెబొరా వార్డ్‌లీ కూర్చునేది.

1976లో ఆమె అన్సెట్ విమాన సంస్థలో పైలట్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. తోటి మగ పైలట్లకు పిలుపులొచ్చాయి, ఆమెకు రాలేదు. పైలట్లుగా మగవాళ్లనే తీసుకుంటామనీ, అందరూ మగవాళ్లయితేనే ప్రయాణం భద్రమనీ కంపెనీ ఒక ఉత్తరంలో రాసిచ్చింది కూడా. అప్పటికే మన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో దుర్బా బెనర్జీ విమానాలు నడుపుతోంది. ఆడవాళ్ల విషయంలో ఆస్ట్రేలియా ఎప్పుడూ మనకన్నా ముందే ఉందనుకునే బంధువులకు నేనీ సంగతి తప్పకుండా చెబుతాను.

విక్టోరియా రాష్ట్రం 1977లో సమాన అవకాశాల చట్టం తెచ్చింది. దాన్ని పట్టుకుని వార్డ్‌లీ ఫిర్యాదు చేసింది. కంపెనీ చేసిన వాదనలు చదువుతుంటే నాకు కడుపు మండిపోయింది. నెలసరి వస్తుందట, గర్భం వస్తే శిక్షణ ఖర్చు దండగట, బలం చాలదట. మగపిల్లలకు విమానం నడపడం నేర్పిన మనిషి గురించి ఈ మాటలు! మహిళా సంఘాలు అన్సెట్ విమానాలు ఎక్కొద్దని పిలుపునిచ్చాయి. 1979లో ఆ చట్టం కింద ఏర్పడిన సమాన అవకాశాల బోర్డు ఆమె పక్షాన తీర్పిచ్చింది.

గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ పేర్లు తారుమారు: సుప్రీంకోర్టు రాష్ట్రానిది, హైకోర్టు దేశం మొత్తానికి పెద్దది. అక్కడ కంపెనీ నెలసరి మాట వదిలి రాజ్యాంగం ఎత్తుకుంది. పైలట్లతో మా ఒప్పందం కేంద్ర చట్టం కింద కుదిరింది, దాని ప్రకారం నోటీసిచ్చి ఎవర్నయినా తీసేయొచ్చు, కేంద్ర చట్టం ముందు రాష్ట్ర చట్టం చెల్లదు అని. గట్టి వాదనే, ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకున్నారు కూడా. మిగతా నలుగురు ఒప్పుకోలేదు. ఉద్యోగిని తీసేసే అధికారం ఉన్నంత మాత్రాన ఆడమనిషని తీసేయడానికి అది అనుమతి కాబోదన్నది వాళ్ల తీర్పు సారాంశం.

తీర్పు వచ్చింది 1980 మార్చి 4న. బోర్డు ఆదేశం వల్ల కంపెనీ ఆమెను అంతకుముందే శిక్షణలోకి తీసుకోక తప్పలేదు. జనవరి 22న ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి డార్విన్‌కు ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానం ఒకటి లేచింది. హైకోర్టు తీర్పుకు ఆరు వారాల ముందే, అందులో కో-పైలట్ సీట్లో వార్డ్‌లీ కూర్చుని ఉంది.