కారాగార ప్రణాళిక (విజయవాడ, కృష్ణా డెల్టా)

జైలు ఎంతమందికి సరిపోవాలి, ఎక్కడ కట్టాలి, లోపల వసతి ఎలా ఉండాలి అన్నవి కారాగార ప్రణాళికలో తేల్చుకోవలసిన విషయాలు. విజయవాడ జిల్లా జైలు నగరం నడిబొడ్డున, గాంధీనగర్‌లో ఉంది. దీర్ఘకాల శిక్ష పడినవారిని సాధారణంగా రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి పంపుతారు కాబట్టి ఇక్కడ ప్రధానంగా రిమాండ్ ఖైదీలే కనిపిస్తారు. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో వంద మంది పట్టేచోట సగటున 131 మంది ఉన్నారు. ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ తేలనివారే.

నేరాల సంఖ్యను మాత్రమే చూసి జైలు పరిమాణం నిర్ణయిస్తే లెక్క తప్పుతుంది. రోజుకు ఎందరు వస్తున్నారన్నదాన్ని, ఒక్కొక్కరు ఎన్నాళ్లు ఉంటున్నారన్నదానితో హెచ్చవేయాలి. రోజుకు పదిమంది చేరి సగటున 30 రోజులు ఉంటే 300 మందికి చోటు కావాలి. బెయిలు పిటిషన్లు త్వరగా తేలి ఆ కాలం 20 రోజులకు తగ్గితే, ఒక్క గది కట్టకుండానే వంద మంది చోటు మిగులుతుంది. బెయిలు వచ్చినా జామీనుదారులు దొరకక లోపలే ఉండిపోయే పేదలకు సాయం అందించడం కూడా ఈ ప్రణాళికలో భాగమే. అయితే సగటుకు సరిగ్గా సరిపడేలా కట్టకూడదు. మహిళల ఆవరణలో ఖాళీ ఉన్నా అక్కడ పురుషులను ఉంచలేరు. అంటురోగుల గదులూ అంతే.

నమూనా జైలు మాన్యువల్ ప్రకారం నిద్రించే బ్యారక్‌లో 20 మందికి మించకూడదు. మనిషికి 3.71 చదరపు మీటర్ల నేల, రాత్రివేళ పదిమందికో మరుగుదొడ్డి ఉండాలి. మే నెల ఉక్కపోతలో ఎదురెదురు కిటికీలు, ఎత్తైన పైకప్పు లేకపోతే ఆ కొలతలు పాటించినా నిద్ర పట్టదు.

స్థలం ఎంపిక డెల్టాలో మరీ కష్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. తాళం వేసిన బ్యారక్‌లోకి వరద వస్తే ఖైదీ తనంతట తాను బయటపడలేడు. అందుకే మెరక నేల, ఎత్తైన పునాది, నీరు చేరని చోట జనరేటరు తప్పనిసరి. చవగ్గా దొరుకుతుందని ఊరికి దూరంగా భూమి తీసుకుంటే మరో చిక్కు: ఎస్కార్టు పోలీసులు దొరకని రోజున కోర్టు వాయిదా తప్పుతుంది, విచారణ సాగుతుంది, జైల్లో జనం పెరుగుతారు. రిమాండ్ పొడిగింపు వీడియోలో జరిపించవచ్చు. అవనిగడ్డ నుంచి కూలి మానుకుని బస్సెక్కి ములాఖత్‌కు వచ్చే తల్లికి మాత్రం జైలు బస్టాండుకు దగ్గర్లోనే ఉండాలి.