పెరటి ట్రాక్టరు – అంగుళములో వెయ్యవ వంతు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో నగరముల అంచులందు కొత్త ఇండ్లు విరివిగా వెలిసినవి. ఇంటి చుట్టు పచ్చిక, వెనుక కూరగాయల మడులు. పొలము దున్ను పెద్ద ట్రాక్టరు అక్కడ మలుపు తిరుగలేదు. చేతి పారతో పని తెమలదు. ఈ రెంటి నడిమి అవసరమును తీర్చినది పెరటి ట్రాక్టరు. 1960లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ ‘కబ్ కేడెట్’ అను చిన్న ట్రాక్టరును విడుదల చేసినది. దానికి 7 అశ్వశక్తుల కోలర్ యంత్రమును అమర్చిరి. విస్కాన్సిన్ రాష్ట్రములోని ఈ కోలర్ సంస్థ స్నానపు తొట్లకు పేరు పొందినది! పోత ఇనుముతో తొట్టి చేయువారు యంత్రము చేయుట వింతగా తోచవచ్చును గాని, పోతపనిలో ఆరితేరినవారికి అది అంత దూరపు దారి కాదు.

ఆ కాలపు ట్రాక్టరులు కొన్ని నేటికిని పని చేయుచున్నవి. వాని యజమానులు పలువురు, వృత్తిచేత మెకానికులు కాకున్నను, యంత్రమును ఇంటిలోనే విప్పి, అరిగిన భాగములను మార్చి, తిరిగి కూర్చుకొందురు. ఇది ఎట్లు సాధ్యమైనది? ఓర్పు, నేర్పు ఉన్న మాట నిజమే. కాని అంతకు ముందు యంత్రమే అందుకు అనువుగా పుట్టియుండవలెను.

మొదట అరుగుదల సంగతి చూతము. కోలర్ కె-241 అను 10 అశ్వశక్తుల యంత్రములో సిలిండరు వ్యాసము 3.25 అంగుళములు, పిస్టను నడక 2.875 అంగుళములు. నిమిషమునకు 3600 చుట్లు, అనగా సెకనుకు 60. చుట్టుకు పిస్టను ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి పోవును గదా. లెక్క కట్టినచో దాని సగటు వేగము సెకనుకు 8.8 మీటర్లకు కొంచెము తక్కువ. ఈ రాపిడికి సిలిండరు అరుగును, కాని అంతటను సమముగా అరుగదు. పేలుడు వాయువు పిస్టనును క్రిందికి త్రోయునప్పుడు కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా నుండును. అందుచేత పిస్టను ఒక ప్రక్క గోడను గట్టిగా ఒత్తును. వృత్తము క్రమముగా అండాకారమగును. పైభాగమున వేడి ఎక్కువ, నూనె తక్కువ. అక్కడ రింగులు క్షణకాలము ఆగి వెనుకకు మరలును, వాయుపీడనము వానిని గోడకు అదుమును. కనుక పైన అరుగుదల హెచ్చు, క్రింద తక్కువ. నూనె నీలిపొగయై పోవుటకు, బలము సన్నగిల్లుటకు ఇదియే ముఖ్యకారణము.

సిలిండరు గుండ్రదనపు సమస్య చాల పాతది. జేమ్స్ వాట్ తన తొలి ఆవిరియంత్రపు సిలిండరులో ఆవిరి కారిపోకుండ గుడ్డలు, బెండు కుక్కి విసిగిపోయెను. 1774లో ఫిరంగులను తొలుచుటకు కొత్త పద్ధతి కనిపెట్టిన జాన్ విల్కిన్సన్, మరుసటి ఏడు రెండు కొనలందును ఆధారము గల కడ్డీతో వాట్ సిలిండరును తొలిచి, ఆ చిక్కు తీర్చెను. అంత పెద్ద సిలిండరులో నాణెపు మందమంత తేడా ఉన్నను గొప్పే ఆనాడు. 1852లో జాన్ రామ్స్‌బాటమ్ చీలిక గల లోహపు రింగును ప్రవేశపెట్టెను. తన స్ప్రింగు బలముతో తానే గోడకు ఆనుకొనునది అది. నేటి పిస్టను రింగు దాని సంతతియే.

ఇక కొలత. మన ప్రయోగశాలలలోని స్క్రూ గేజి వంటి సాధనమునకు 1848లో ఫ్రాన్సులో పామర్ పేటెంటు పొందెను. అమెరికాకు చెందిన బ్రౌన్, షార్ప్ అనువారు 1867 నాటి ప్యారిస్ ప్రదర్శనములో దానిని చూచి, స్వదేశములో తయారు చేయ మొదలిడిరి. అప్పటినుండి అంగుళములో వెయ్యవ వంతు సామాన్య పనివాని చేతికి అందినది. కర్మాగారమును, దూరపు పల్లెలోని ఇంటి యజమానియు ఒకే కొలతతో మాటలాడుకొనగలుగుట చిన్న విషయము కాదు.

మైక్రోమీటరు లేనివారికి సహితము ఒక ఉపాయము కలదు. కొత్త రింగును సిలిండరులో నిలువున ఒరగకుండ దింపి, దాని కొనల నడిమి సందును పలుచని కొలత రేకులతో చూడవలెను. పైన ఒకసారి, అరుగుదల లేని అడుగున ఒకసారి. రింగు పొడవు మారదు. సిలిండరు చుట్టుకొలత మాత్రము వ్యాసపు పెరుగుదలకు 3.14 రెట్లు పెరుగును. కావున వ్యాసములో 0.005 అంగుళము అరిగినచో సందు సుమారు 0.016 అంగుళము పెరుగును. కంటికి కానరాని అరుగుదలను వృత్తగణితమే మూడింతలు చేసి చూపును. తరగతిలో పై విలువను నేర్పు ఉపాధ్యాయులకు ఇంతకన్న చక్కని ఉదాహరణ అరుదు.

కోలర్ వారు సిలిండరు గోడను అవసరమునకు మించిన మందముతో పోసిరి. అరిగినప్పుడు 0.010, 0.020, లేదా 0.030 అంగుళము పెద్దదిగా తొలిపించి, ఆ కొలతకే చేసిన పిస్టనును వేసికొనవచ్చును. 0.030 అనగా ముప్పాతిక మిల్లీమీటరు మాత్రమే. ఆ కొద్దిపాటి ఇనుమే యంత్రమునకు మరల ఆయువు. అయితే ‘ఇంటిలో పునర్నిర్మాణము’ అను మాట పూర్తిగా నిజము కాదు: విప్పుట, కొలుచుట, కూర్చుట ఇంటిలో, తొలుచుట మాత్రము మెషిను షాపులో.

ఈ యంత్రమునకు ఒక బలహీనత కలదు. నూనెను చిమ్ముటకు పంపు లేదు. కనెక్టింగ్ రాడ్డు అడుగున నున్న గరిటెవంటి కొస నూనెను చిలుకును. అల్యూమినియపు రాడ్డు నేరుగా క్రాంకు పిన్నుమీదనే తిరుగును. నూనె తగ్గినను, నిటారు వాలుపై చాలసేపు నడిపినను, రాడ్డు పట్టుకొని విరిగి, ఇనుప గోడను పగులగొట్టును. అప్పుడు తొలుచుటకు ఏమియు మిగులదు. పిన్ను కొద్దిగా అరిగినచో సానపట్టించి, 0.010 అంగుళము చిన్న కొలత రాడ్డు వేయుదురు.

అదే రాష్ట్రములోని మిల్వాకీ నగరమున బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ 1953లో అల్యూమినియపు యంత్రమును తెచ్చినది. తేలిక, చవుక, పచ్చిక కోయు యంత్రములకు ఇంతకన్న ఏమి కావలెను? చవుక యంత్రమును బాగుచేయు కూలి, కొత్తదాని వెలకు దగ్గర పడసాగెను. అనేకులు పాతదానిని పారవేసి కొత్తది కొనుటకే అలవాటు పడిరి. కోలర్ కె శ్రేణి నేడు తయారగుట లేదు. అయినను దాని పిస్టనులను, రింగులను, రాడ్డులను ఇతరులు ఇంకను చేసి అమ్ముచున్నారు, ఆ పాత వెయ్యవ వంతుల కొలతలలోనే.