స్త్రీల ఆస్తిహక్కు: శాసనచరిత్ర

హిందూ సమాజమున స్త్రీకి ఆస్తి కలదా యను ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము చెప్పుట కష్టము. వివాహసమయమున పుట్టింటివారును బంధువులును ఇచ్చిన నగలు, వస్త్రములు మొదలగువానిని స్త్రీధనమని ధర్మశాస్త్రములు అంగీకరించినవి. పసుపుకుంకుమల క్రింద ఆడపడుచునకు భూమి నిచ్చు ఆచారము తెలుగునాట కలదు. కాని ప్రేమతో ఇచ్చినది పుచ్చుకొనుట వేరు. హక్కుగా భాగ మడుగుట వేరు. విజ్ఞానేశ్వరుని మితాక్షర ననుసరించిన ఆంధ్రదేశమున పిత్రార్జితముపై జన్మతః హక్కు కుమారునికే యుండెను. సమష్టికుటుంబమున భర్త మరణించినచో వితంతువునకు దక్కినది భరణము మాత్రమే.

ఈ స్థితిలో శాసనము కల్పించుకొన్న తొలిసందర్భములలో ముఖ్యమైనది 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టము. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషిఫలితముగా వచ్చిన ఆ చట్టము పునర్వివాహమును న్యాయసమ్మతము చేసెను గాని, వివాహమాడిన వితంతువు పూర్వభర్త ఆస్తిపై హక్కు కోల్పోవునని కూడ విధించెను. చట్టము పుట్టిన 25 సంవత్సరములకు, 1881 డిసెంబరు 11న, వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున తమ మొదటి వితంతు వివాహమును జరిపించిరి. శాసనము అనుమతి నిచ్చెనే కాని, పురోహితుని, వంటవానిని, నీళ్లు తెచ్చువానిని ఇయ్యలేదు. వారిని సమకూర్చుకొనుభారము సంస్కర్తలపైననే పడెను.

1937 నాటి చట్టము వితంతువునకు భర్త ఆస్తిలో కుమారునితో సమానమైన భాగ మిచ్చెను. అయితే అది జీవితకాలపు అనుభవమే. అవసరము నిరూపింపక ఆమె విక్రయింపరాదు. అంతేకాక, రాష్ట్రములలోని వ్యవసాయభూములకు ఈ చట్టము వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు అభిప్రాయపడెను. పొలమే ప్రధానమైన ఆస్తిగాగల దేశమున ఈ మినహాయింపు స్వల్పమైనది కాదు.

హిందూ ధర్మశాస్త్రమును క్రోడీకరించు ప్రయత్నము బి. ఎన్. రావుగారి అధ్యక్షతన 1941లో ఆరంభమైనది. రాజ్యాంగసభలో దుర్గాబాయిగారు ఈ సంస్కరణమును గట్టిగా సమర్థించిరి. హిందూ కోడ్ బిల్లు సాగకపోవుట ముఖ్యకారణముగా 1951లో డాక్టరు అంబేద్కరు మంత్రిపదవిని వదలుకొనిరి. పిదప ఆ బిల్లు విడివిడి చట్టములుగా వెలువడెను. వానిలో హిందూ వారసత్వ చట్టము 1956 జూన్ 17న అమలులోనికి వచ్చెను.

ఆ చట్టపు 14వ సెక్షను స్త్రీ స్వాధీనములోని ఆస్తికి ఆమెను సంపూర్ణ యజమానురాలిని చేసెను. దీని విలువ నెల్లూరినుండి వచ్చిన ఒక వ్యాజ్యమువలన తేటపడినది. 1931లో భర్త గతించిన ఒక వితంతువు భరణమునకై మరిదివరుసవానిపై దావా వేసెను. 1949 నాటి రాజీలో, అమ్మరాదను నిబంధనతో, ఆమెకు కొంత ఆస్తి లభించెను. తరువాత ఆమె అమ్మగా వివాదము రేగెను. భరణము వితంతువు పూర్వపుహక్కే కనుక ఆ ఆస్తి పూర్తిగా ఆమెదే యని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

కుమార్తె విషయమున మాత్రము 1956 చట్టము సగముదూరమే నడచెను. భార్య ముందుగా గతించిన ఒక తండ్రికి కొడుకు, కూతురు, 12 ఎకరముల పిత్రార్జితము ఉన్నవనుకొందము. జన్మహక్కుచే 6 ఎకరములు కొడుకునకు పోవును. తండ్రి వీలునామా వ్రాయక మరణించినచో అతని 6 ఎకరములే ఇరువురు పంచుకొందురు. కూతురికి 3, కొడుకునకు 9. ఈ లోపమును సవరించుటలో ఆంధ్రప్రదేశ్ ముందంజ వేసెను. 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెకు జన్మతః సమభాగము లభించెను. అంతకుముందే వివాహమైనవారికి మాత్రము లేకపోయెను. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రచట్టము ఆ భేదమును తొలగించి దేశమంతటను సమభాగము నిచ్చెను. ఆనాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను.

అయినను సోదరునితో పొరపొచ్చెములు వచ్చునని, పుట్టింటి రాకపోకలు తెగునని జంకి, హక్కువిడుదల పత్రములపై సంతకము చేయు ఆడపడుచులు నేటికిని కలరు. 1856లో పెండ్లికి అనుమతి నిచ్చిన చట్టము పురోహితుని ఈయలేనట్లే, నేటి చట్టము భాగము నీయగలదుగాని పుట్టింటి ఆదరము నీయలేదు. దానిని ఇయ్యవలసినవారు తోబుట్టువులే.